నాలుగో చాట

ఈ సంగతి నేను ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. అమ్మకు చెప్పలేదు. డిగ్రీలో మూడేళ్ళు నా పక్కనే కూర్చున్న స్నేహితురాలికి చెప్పలేదు. అన్నీ రాసుకునే డైరీలో కూడా రాయలేదు. ఆ తేదీల దగ్గర "ఎండ ఎక్కువగా ఉంది" అని మాత్రం ఉంటుంది. జరిగింది ఇది: ఇరవై కాగితాలకు చింతగింజలు వేసి, అవి పడిన వరస రాసే పని నాకు అప్పగించారు. వాటిలో ఏడింటికి నేను గింజలు వేయలేదు. వేసినట్టు రాశాను.

విన్నవాళ్ళు నవ్వుతారని తెలుసు. చింతగింజలు వేయకపోవడం ఏ ఊళ్ళో తప్పు? కానీ ఆ ఏడు కాగితాల మీద ఒక పెద్దమనిషి పదకొండేళ్ళ చదువు ఆధారపడి ఉంది.

పది రోజుల కింద, నేను ఇప్పుడు పనిచేస్తున్న లైబ్రరీకి కరీం భాయ్ వచ్చాడు. ఆ రోజుల్లో ఇంజనీరింగ్ కాలేజీ కంప్యూటర్ గదిలో, యంత్రానికి అంకెలు ఎక్కించే అట్ట కార్డులకు చిల్లులు కొట్టే పని ఆయనది. పుస్తకాల కోసం ఎన్నడూ రాని మనిషి రావడంతోనే నాకు ఏదో అనిపించింది.

"చెల్లె, సార్ పోయిండట. ములుగు బస్సు కండక్టర్ చెప్పిండు" అన్నాడు.

నేను చేతిలో పుస్తకాన్ని బల్ల మీద పెట్టాను. తర్వాత ఆయనే అన్నాడు: "ఏది చెప్పినా నూటికి ఎంత పక్కా అని అడుగుతుండె గదా సార్. నేను గూడ కండక్టర్ని అడిగిన. నూటికి నూరు అన్నడు."

ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి అమ్మ వాకిట్లో కూర్చుని ఏడాదికి సరిపడే చింతపండు కొడుతోంది. గింజలు సత్తు పళ్ళెంలో టకటకమని పడుతున్నాయి. నేను చెప్పులు విప్పకుండా అక్కడే నిలబడిపోయాను.

ఆయన పేరు ఇక్కడ రాయను. రాస్తే ఆయనే ఒప్పుకునేవారు కాదు. "పేరెందుకు బిడ్డా? పేరు జెప్తే ఎవ్వడన్న గుర్తుపడ్తడు. ఎట్లుంటడో చెప్పు. పేరు లేకుంట గుర్తుపట్టుడే అసలు పని" అనేవారు. రేడియో సంకేతాల గురించి అన్నారో, మనుషుల గురించి అన్నారో చెప్పడం కష్టం. ఆయనకు ఆ రెండింటికీ పెద్ద తేడా లేదు.

ఎనభైల మొదట్లో సంగతి. బీఎస్సీ స్టాటిస్టిక్స్ అయిపోయి ఇంట్లో కూర్చుని కనిపించిన నవలనల్లా చదువుతున్నాను. నాన్నకు తెలిసినవాళ్ళు, కాలేజీలో ఒక సార్‌కు లెక్కలు వేసిపెట్టే మనిషి కావాలంటున్నారని చెప్పారు. మేడ మీద వరండా చివరి గది. లోపల యాభై దాటిన మనిషి, చెవి దగ్గర ట్రాన్సిస్టర్ పెట్టుకుని కళ్ళు మూసుకుని వింటున్నారు. అందులో పాట లేదు, వార్తలు లేవు. రెండు స్టేషన్ల మధ్య వచ్చే బుస్సుమనే శబ్దం. దాన్నే త్యాగరాజ కీర్తన వింటున్నట్టు తల ఊపుతూ వింటున్నారు.

నన్ను చూసి ఆపారు. ఒకే ప్రశ్న అడిగారు. "నాణెం పదిసార్లు ఎగరేసిన. పదిసార్లు బొమ్మే పడ్డది. పదకొండోసారి ఏం పడ్తది?"

"సగం సగం సార్" అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు.

"ఆఁ?"

మళ్ళీ అన్నాను. మళ్ళీ "ఆఁ?" అన్నారు. మూడోసారి అన్నాను. ఆయన చెవి ముందుకు పెట్టారు. నాలుగోసారి చెప్పడం నా వల్ల కాలేదు. బల్ల మీద పెన్సిల్ తీసుకుని కాగితం మీద "సగం సగం" అని రాసి ఆయన వైపు జరిపాను.

ఆయన చదివి, నన్ను చూసి, మళ్ళీ చదివి, "రేపటి సంది రా" అన్నారు.

పని ఏమిటో చెప్పడానికి ఆయన పుస్తకం తెరవలేదు. క్యాంటీన్ నుంచి వచ్చిన చాయ్ గ్లాసు ఎత్తి చూపించారు.

"దీంట్ల చెంచెడు చక్కెర ఏస్తే ఏమైతది?"

"తీపవుతుంది సార్."

"అదే చెంచెడు చక్కెర వడ్డేపల్లి చెరువుల ఏస్తే?"

నేను గ్లాసు వంకే చూశాను.

"చక్కెర ఎటూ పోలే బిడ్డా. అంత ఆన్నే ఉన్నది. కని నాలుకకు దొరకది. ఏ వరసల చల్లిండ్రో ఎరుకున్నోడు ఒక్కడే మల్ల ఏరుకొని కప్పుల ఏసుకుంటడు. మిగిలినోళ్ళకు వట్టి చెరువే."

"మరి మీకు ఆ వరస తెలుసా సార్?"

"తెల్వది. నాకొద్దు గూడ. నేను గట్టు మీద కూసోని, ఇండ్ల చక్కెర ఉన్నదా లేదా, ఉంటే ఏ తీరుగ చల్లిండ్రు, గంతే చెప్త. ఏం మాట్లాడుతాండో చల్లెటోని ఇష్టం. మాట్లాడుతాండా లేదా, అది నా పని."

మామూలు రేడియో స్టేషన్ ఒకచోట నిలబడి గట్టిగా మాట్లాడుతుంది. సార్ పట్టుకోవాలనుకున్నవి అలా మాట్లాడవు. ఒక్క మాటను వందల ముక్కలు చేసి, ప్లస్సులూ మైనస్సులూ ఉన్న ఒక రహస్య వరస ప్రకారం వెడల్పుగా చల్లేస్తారు. బయటివాడి చెవికి అది వట్టి బుస. ఇంకో రకం, ఒకచోట కుదురుగా ఉండకుండా తొక్కుడుబిళ్ళ ఆడినట్టు గడి గడికీ గెంతుతూ మాట్లాడుతుంది. తరగతిలో వీటికి పొడుగాటి ఇంగ్లీషు పేర్లు చెప్పేవారు. గదిలో మాత్రం ఒకటి చల్లుడు, ఒకటి గెంతుడు, ఏమీ లేని బుస ఉత్త గాలి. ఈ మూడింటినీ చెవితో కాక లెక్కతో వేరుచేయాలి. అల ఎన్నిసార్లు సున్నా గీత దాటింది, ఒక విలువకూ దాని పక్క విలువకూ ఎంత చుట్టరికం ఉంది, మామూలు కన్నా పెద్ద అలలు ఎన్ని వచ్చాయి అని లెక్కించి, ఇది ఫలానా జాతి అని తేల్చాలి. నేను బట్టీపట్టి పాసైన స్టాటిస్టిక్స్‌కు ఇలాంటి ఉపయోగం ఉందని ఏ లెక్చరరూ చెప్పలేదు.

ఈ పని మీద ఆయన పదకొండేళ్ళుగా పీహెచ్‌డీ చేస్తున్నారు. "సార్ థీసిస్ అయిపోయేసరికి దేశంల రేడియోలే ఉండయ్" అని పిల్లలు వరండాలో అనుకునేవారు. ఆయనకు వినపడేలాగే అనుకునేవారు.

"తప్పులు రెండే తీర్లు బిడ్డా" అని రోజుకొకసారైనా చెప్పేవారు. "లేనిది ఉన్నదనుడు ఉత్త కూత. ఉన్నది లేదనుడు చెవుడు. ఒకటి తగ్గిస్తే ఇంకోటి పెరుగుతది. నాకైతే చెవుడు కన్న ఉత్త కూతనే నయం."

ఆ సిద్ధాంతం ప్రకారమే బతికేవారు. ఎవరూ తలుపు కొట్టకపోయినా లేచి వెళ్ళి తీసి చూసేవారు. మేడ కిటికీలోంచి హారన్ విని, "మన హన్మకొండ బస్సు. నూటికి ఎనభై" అని సంచీ పట్టుకుని మెట్లు దిగి పరుగెత్తేవారు. అది వడ్ల లారీ అయ్యేది. ఆయాసపడుతూ పైకి వచ్చి, "ఇరవైల పడ్డది" అని మళ్ళీ కుర్చీలో కూర్చునేవారు. ఇరవైలో పడటం వారానికి నాలుగు రోజులు జరిగేది. నేను ఒక నెలంతా డైరీలో గీతలు పెట్టి చూశాను: ఆయన ఎనభై అన్నప్పుడు నిజమైంది నూటికి ముప్పై అయిదు. చెప్పే ధైర్యం లేక ఊరుకున్నాను.

సార్ భార్యను నేను పెద్దమ్మా అనేదాన్ని. మధ్యాహ్నం టిఫిన్ డబ్బా పట్టుకుని ఆమే వచ్చేది. "లేని తలుపు సప్పుడుకు నాలుగుమాట్ల లేస్తడు. నేను అన్నానికి పిలుస్తే ఒక్కమాటు గూడ వినపడది. ఉత్త కూతా ఈయనదే, చెవుడూ ఈయనదే. ఇది గూడ నీ కాయితంల రాసుకో బిడ్డా" అనేది. సార్ నిజంగానే "రాసుకో" అనేవారు.

నా డైరీలో ఆ రోజుల మాట ఒకటి: "సార్ గొడుగు పోయిందని ఇవాళ గంట సేపు వెతికాం. గొడుగు కరీం భాయ్ చేతిలో ఉంది. పొద్దున సారే ఇచ్చారట. కరీం భాయ్ కూడా వెతికాడు."

కానీ ఒక్కోసారి ఆయన చెవి నన్ను భయపెట్టేది. పని లేనప్పుడు నేను లెక్కల పుస్తకం మధ్యలో నవల పెట్టుకుని చదివేదాన్ని. బీరువాకు అటుపక్క ఆయన, ఇటుపక్క నేను. ఒకరోజు అటునుంచి గొంతు వచ్చింది.

"అది లెక్కల పుస్తకం గాదు."

నేను నవల మీద లెక్కల పుస్తకం మూసేశాను.

"లెక్కల పుస్తకం పేజీ గంత తొందరగ తిరగది. జర సేపు ఆగుతది, మల్ల ఎనకకు పోతది. ఇది ముందుకే పోతాంది. కథ మంచిగున్నదా?"

"ఉంది సార్" అన్నాను.

"అయితే సదువు. అయినంక నాకు చెప్పు."

ఇక చాటల సంగతి. ఎప్పుడో ఒకరోజు ఆయన ఇంట్లోంచి మూడు చాటలు తెచ్చి బల్ల మీద వరసగా పెట్టారు. ఒకదాని మీద "ఉత్త", ఒకదాని మీద "గెంతు", ఒకదాని మీద "చల్లు" అని సుద్దముక్కతో రాశారు. కంప్యూటర్ నుంచి వచ్చిన ఒక్కో కాగితాన్ని చూసి, లెక్క వేసి, ఏ చాటలో పడాలో ఆ చాటలో వేయడం. మిగతా అధ్యాపకులు వచ్చి, "ఏం సార్, ధాన్యం తూర్పార పడుతున్నరా?" అని నవ్వేవారు. "అవును. పొల్లు ఎక్కువున్నది" అనేవారు సార్, వాళ్ళనే చూస్తూ.

చివరి పరీక్షకు అరవై కాగితాలు కావాలి. ఏది ఏ జాతో ఆయనకు తెలియకూడదు. నాకు మాత్రమే తెలియాలి. ఇరవై ఉత్తవి, ఇరవై గెంతుడువి, ఇరవై చల్లుడువి. చల్లుడు కాగితానికి ఒక్కోదానికి రెండు వందల గుర్తుల వరస కావాలి. ప్లస్సో మైనస్సో, ముందు ఊహించడానికి వీల్లేనివి. అలాంటి వరసలు పుట్టించే సర్క్యూట్ ఒకటి గదిలోనే ఉంది. సార్‌కు దాని మీద నమ్మకం లేదు. "అది పాడిందే పాడుతది. నాకు పాట తెల్వనోడు గావాలె" అని, ఇంట్లో పచ్చీసు ఆడే చింతగింజలు తెచ్చారు. సగానికి చీల్చి, రాయి మీద అరగదీసిన గింజలు. ఒకవైపు తెలుపు, ఒకవైపు నలుపు. తెల్లది పడితే ప్లస్, నల్లది పడితే మైనస్.

"గింజ సమంగా పడదు సార్. ఒకవైపు బరువుంటుంది" అన్నాను. ఆ గదిలో నేను అడగకుండా చెప్పిన మొదటి మాట అదే అనుకుంటాను.

ఆయన మొహం వెలిగిపోయింది. "శెభాష్! అందుకే రెండుమాట్ల ఎయ్యి. రెండూ ఒక్కటే పడితె రెండిటినీ ఇడిసెయ్యి. వేరు వేరు పడితె మొదటిది రాయి. అప్పుడు గింజ ఎంత వంకరదైనా లెక్క సక్కగుంటది."

లెక్క చక్కగా ఉంటుంది, చేయి మాత్రం పడిపోతుంది. ఒక్క గుర్తుకు నాలుగైదు సార్లు వేయాలి. అందులోనూ గుడ్డ మీద వేయనిచ్చేవారు కాదు. గుడ్డ మీద గింజ బద్ధకంగా పడుతుందట. పెద్దమ్మ సత్తు పళ్ళెంలోనే వేయాలి. ఆ టకటక వరండా మొత్తం వినపడేది. అది మే నెల. ప్రాక్టికల్ పరీక్షల కోసం మగపిల్లలందరూ మా గది ముందే వరస కట్టి నిలబడేవారు.

"అక్కా, పచ్చీసుల ఎవరు గెలుస్తాండ్రు?"

"సార్ ఓడిపోయిండా? తలుపెందుకేసుకున్నడు?"

"మమ్ముల గూడ ఆడిపియ్యరాదు, జర పుణ్యముంటది!"

నేను పళ్ళెం వంక చూస్తూ కూర్చునేదాన్ని. చెవులు ఎర్రబడేవి. గింజ ఎత్తితే నవ్వు, వేస్తే నవ్వు. పదమూడు కాగితాల వరకు ఓర్చుకున్నాను. పద్నాలుగో కాగితం దగ్గర గింజలను పమిట చెంగులో ముడివేసి, పెన్సిల్ తీసుకుని రాయడం మొదలుపెట్టాను. ప్లస్, మైనస్, మైనస్, ప్లస్, ప్లస్, మైనస్. రెండు మధ్యాహ్నాల్లో ఏడు కాగితాలు నిండాయి. స్టాటిస్టిక్స్ చదివినదాన్ని కదా, ప్లస్సులూ మైనస్సులూ సుమారు సగం సగం వచ్చేలా కూడా చూసుకున్నాను. బాగా కలగలిపి రాశాను. గింజలకన్నా నేనే బాగా రాశాననిపించింది.

కరీం భాయ్ కార్డులు కొట్టాడు. కంప్యూటర్ ఆ వరసలకు బుస కలిపి, అంకెలుగా అచ్చువేసి ఇచ్చింది. సార్ వారం రోజులు లెక్కలు వేసి, పెద్ద గ్రాఫ్ కాగితం మీద ఒక్కో కాగితానికి ఒక్కో చుక్క పెట్టారు. నేను పక్కనే నిలబడి ఉన్నాను. చుక్కలు మూడు గుంపులుగా కూడుకుంటున్నాయి. "ఇగో ఉత్తది. ఇగో గెంతుడు. ఇగో చల్లుడు. పదకొండేండ్లు బిడ్డా!" అంటున్నారు.

తర్వాత ఒక చుక్క ఎక్కడా కలవకుండా దూరంగా మూలకు పడింది. ఇంకొకటి దాని పక్కన. చివరికి ఏడు. గ్రూప్ ఫొటోలో చివర, సగం మనిషి బయట పడేలా నిలబడే అమ్మాయిల్లాగా, ఆ ఏడూ మూలన ఒత్తుకుని నిలబడ్డాయి.

సార్ యాభై మూడు కాగితాలను మూడు చాటల్లో వేశారు. ఏడింటిని చేతిలో పట్టుకుని చాలాసేపు నిలబడ్డారు. ఉత్త గాలి కాదు. గెంతుడు కాదు. చల్లుడు కూడా కాదు. నా నోటుపుస్తకం తెరిపించి చూశారు. ఏడూ చల్లుడు కింద రాసి ఉన్నాయి.

"మరి ఈళ్ళెవరు?" అన్నారు.

ఆ మధ్యాహ్నం పెద్దమ్మ డబ్బా పట్టుకుని రాగానే, "ఇంకో చాట గావాలె" అన్నారు.

"మూడిచ్చిన. ఇంట్ల బియ్యం చెరగనీకి ఒక్కటే మిగిలింది. అది గూడ అడిగితె దాంతోనే కొడ్త" అంది పెద్దమ్మ.

నవ్వే రోజులు అవే చివరివి. థీసిస్ గడువును విశ్వవిద్యాలయం అప్పటికే రెండుసార్లు పొడిగించింది. జూన్ ఆఖరు దాటితే పేరు కొట్టేస్తామని ఉత్తరం బల్ల మీదే ఉంది, పేపర్ వెయిట్ కింద రెపరెపలాడుతూ. ఆయన దాన్ని చూడకుండా తప్పు వెతకడం మొదలుపెట్టారు. మొదట తన లెక్కలు. తర్వాత కరెంటు. తర్వాత ఎండకు యంత్రం వేడెక్కిందేమోనని. చివరికి కార్డులు. కంప్యూటర్ గది పెద్దాయన వచ్చి అందరి ముందు కరీం భాయ్‌ను తిట్టిపోశాడు. కరీం భాయ్ ఏడు కాగితాల కార్డులూ మళ్ళీ కొట్టాడు. ఏడు చుక్కలూ మళ్ళీ అదే మూలకు వెళ్ళి నిలబడ్డాయి.

"నా వేళ్ళు సాఫ్ ఉన్నయి చెల్లె, అల్లా కసం" అన్నాడు కరీం భాయ్ నాతో. "గింజలు అబద్ధమాడయ్. నువ్వు అబద్ధమాడవు. ఇగ మిషినే ఆడుతాంది."

నేను తల ఊపాను. అంతకన్నా నీచమైన పని నేను జీవితంలో చేయలేదు.

ఒకరోజు కరీం భాయే సార్‌తో అన్నాడు: "ఆ ఏడు తీసి పడేయండి సార్. యాభై మూడు సాలయా? ఎవ్వరికి తెలుస్తది?"

"ఇమడనోన్ని ఎల్లగొడితె అందరి లెక్కా సక్కగనే వస్తది కరీం" అన్నారు సార్. "ఈళ్ళెవరో ఎరుకగాకుంట నేను సంతకం పెట్ట. పోతె పోనీ."

ఆ 'పోతె పోనీ' విన్న మర్నాడు నేను చెప్పేద్దామనే వెళ్ళాను. తలుపు తీసే ఉంది. ఆయన కిటికీ వైపు తిరిగి, చెవి దగ్గర ట్రాన్సిస్టర్, ఒళ్ళో ఏడు కాగితాలు. గుమ్మంలో నిలబడి "సార్" అన్నాను. బుస వినపడుతోంది. "సార్" అన్నాను. మళ్ళీ "సార్" అన్నాను. ఆయన తిరగలేదు. నేను మెట్లు దిగి ఇంటికి వెళ్ళిపోయాను. డైరీలో "ఎండ ఎక్కువగా ఉంది" అని రాశాను.

మరునాడు పొద్దున ఆయన చాలా మామూలుగా ఉన్నారు. నేను పెన్సిల్‌తో రాసిన ఏడు కాగితాలను వేరే కవరులో పెట్టి, ఏడు ఖాళీ కాగితాలు నా ముందు పెట్టారు.

"వీటికి మల్ల గింజలెయ్యి బిడ్డా. ఈన్నొద్దు. ఈ పోరగాండ్ల లొల్లిల ఏం పని జరుగుతది? మా ఇంటికి పో. మీ పెద్దమ్మ ఉంటది."

మళ్ళీ ఎందుకు వేయాలో చెప్పలేదు. నేను అడగలేదు. ఇంటికి పంపింది నిజంగా పిల్లల లొల్లి వల్లే అనుకున్నాను, నా కోసమని కాదు. చదువుకున్నదాన్ని, నా బుద్ధి అంతవరకే వెళ్ళింది.

పెద్దమ్మ వంటింట్లో చాప వేసి, తలుపు దగ్గరగా వేసింది. "గట్టిగ ఎయ్యి. ఎవ్వరు రారు. వస్తె పచ్చీసు ఆడుతున్నమను, ఓడిపోయేది నేనని చెప్పు" అంది. మూడు రోజులు వేశాను. ఆమె ఒక చేత్తో చింతపండు కొడుతూ, ఇంకో చేత్తో నాకు గింజలు ఏరి ఇచ్చేది. రెండో రోజు ఒక వింత జరిగింది. నల్లది రాశాను. మళ్ళీ నల్లది. మళ్ళీ, మళ్ళీ. వరసగా ఆరు మైనస్సులు. నా చేయి ఆగిపోయింది.

"పెద్దమ్మా, ఎక్కడో తప్పు చేశాను. ఆరు ఒకటే వచ్చాయి" అన్నాను.

ముందు గదిలోంచి, మధ్యాహ్నం అన్నానికి వచ్చిన సార్ గొంతు వినపడింది. "రాయి. ఎన్నిమాట్ల పడితె అన్నిమాట్ల రాయి. ఆగకు."

ఈసారి ఏడు చుక్కలూ చల్లుడు గుంపులోకి వెళ్ళి, ఎప్పటినుంచో అక్కడే ఉన్నట్టు కలిసిపోయాయి. జూన్ ఆఖరుకు నాలుగు రోజుల ముందు థీసిస్ వెళ్ళింది. కంప్యూటర్ గదికి వెళ్ళి, అందరి ముందు, సార్ కరీం భాయ్ చేతులు పట్టుకుని "నీ వేళ్ళు సాఫ్" అన్నారు. తప్పు ఎవరిదో మాత్రం ఎవరికీ చెప్పలేదు. తెలియదు కాబట్టి చెప్పలేదనుకున్నాను. డాక్టరేట్ వచ్చింది. అట్ట వేసిన థీసిస్ కాపీ ఒకటి నాకు ఇచ్చారు. దొరికిన కాగితమల్లా చదివే నేను దాన్ని ఒక్కసారి కూడా తెరవలేదు. తెరిస్తే ఆ ఏడూ అందులోంచి నన్ను చూస్తాయని భయం.

రెండేళ్ళ తర్వాత ఆయన రిటైరై ములుగు దగ్గర సొంత ఊరికి బయలుదేరారు. ఆ తర్వాత ఆయనకు మూడు ఉత్తరాలు మొదలుపెట్టాను. మూడూ నా డైరీలోనే ఉన్నాయి.

బయలుదేరిన రోజు హన్మకొండ బస్టాండుకు నేనూ కరీం భాయ్ వెళ్ళాం. ములుగు బస్సు హారన్ కొడితే సార్ "ఇది మనది గాదు. నూటికి తొంభై" అన్నారు. పెద్దమ్మ ఆయన మాట వినకుండా వెళ్ళి కిటికీ పక్క సీటు పట్టింది. కరీం భాయ్ ట్రంకుపెట్టె పైకి ఎక్కించాడు. పెద్దమ్మ ఒళ్ళో చాటలు ఉన్నాయి. మూడు పాతవి, సుద్ద అక్షరాలు ఇంకా పూర్తిగా పోలేదు. నాలుగోది కొత్తది.

"సూడు బిడ్డా" అంది. "రెండేండ్ల కింద అంగట్ల కొనుక్కొచ్చిండు ఈ నాలుగోది. బియ్యం చెరగనియ్యడు. ఏడు కాయితాలు పెట్టి దేవుని అర్రల పెట్టిండు. దానికి దీపం గూడ పెట్టుమంటడేమో అనుకున్న."

సార్ ఆ చాటలోంచి కవరు తీసి కిటికీ ఊచల మధ్య నుంచి నా చేతికి ఇచ్చారు. లోపల ఏడు కాగితాలు, వాటి మీద పెన్సిల్‌తో, నా రాత. ప్లస్, మైనస్, మైనస్, ప్లస్.

"థీసిస్ పరీక్ష చేసెటందుకు బయట ఊరికెళ్ళి ఒక పెద్దాయన వచ్చిండు గదా" అన్నారు. "ఆయన అడిగిండు. 'మూడు జాతులున్నయని నీకు ముందే ఎరుక. నీ లెక్క ఆ మూడే చెప్పింది. నువ్వు అనుకోనోడు ఎదురైతే పట్టుకుంటదా?' అన్నడు. పదకొండేండ్ల సంది నన్ను ఎవ్వడన్న గా ప్రశ్న అడుగుతడేమో అని భయం బిడ్డా నాకు. ఈ ఏడు కాయితాలు బల్ల మీద పెట్టిన. 'ఇవి గింజలు ఏసినయి గావు, ఒక మనిషి తలకాయలకెళ్ళి రాసినయి. నాకెవ్వరు చెప్పలే. లెక్కే చెప్పింది' అన్న. థీసిస్‌ల గూడ ఆఖరి అధ్యాయంల రాసిన. నువ్వు సదువలేనట్టున్నది. ఇగ ఆయన ఇంకో ప్రశ్న అడగలే."

నాకు బస్టాండు, బస్సు, జనం ఏవీ కనిపించలేదు. కవరు మాత్రం కనిపిస్తోంది.

"సార్" అన్నాను.

డ్రైవరు ఇంజను మొదలుపెట్టాడు. ఆయన చెవి ఊచలకు ఆనించారు.

"సార్" అన్నాను. బస్సు కొద్దిగా కదిలింది. దాని వెంట రెండు అడుగులు వేసి ఇంకోసారి "సార్" అన్నాను. అక్కడ ఆగిపోయాను.

ఆయన కిటికీలోంచి తల బయటకు పెట్టి, నవ్వుతూ, ఇంజను చప్పుడు మీద నుంచి అరిచారు:

"పద్నాలుగు వందల గుర్తులు రాసినవ్, ఒక్కతాన గూడ నాలుగు ఒక్క తీరుగ లెవ్వు! గింజలకు సిగ్గుండదు బిడ్డా, పడ్డదే ఆరుమాట్ల పడ్తయ్. మూడుమాట్లకు ఆగేది నువ్వొక్కదానివే. ఇగనన్న నాలుగోసారి పిలువు. లోకానికి జర చెవుడు."